ఒకే పేరు, రెండు లెక్కలు: సీఆర్ఎంలో సేల్స్ రిపోర్టు కాపీ చేస్తే అసలేం జరుగుతుంది

ఒక సేల్స్ మీటింగ్‌కి సేల్స్ హెడ్ ఒక రిపోర్టు తెచ్చారు. ఆయన కింద టీమ్‌ను నడిపే మేనేజర్ ఇంకో రిపోర్టు తెచ్చారు. రెండింటి పేరూ ఒకటే: 'ఈ క్వార్టర్ గెలిచిన డీల్స్'. హెడ్ దగ్గరున్న దాంట్లో 64 డీల్స్ ఉన్నాయి. మేనేజర్ దగ్గరున్న దాంట్లో 43. మీటింగ్ పెట్టుకున్నది వచ్చే క్వార్టర్ టార్గెట్ గురించి మాట్లాడటానికి. గంటసేపు మాట్లాడింది మాత్రం ఎవరి లెక్క కరెక్టు అనే దాని గురించే.

రెండో రిపోర్టు మొదటిదాన్ని కాపీ చేసి తయారుచేసుకున్నదే. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పలేదు, ఎవరూ అంకెలు మార్చలేదు. ఆ రిపోర్టుల బాధ్యత నాది కాబట్టి, మిగతా 21 డీల్స్ ఎక్కడికి పోయాయో వెతికే పని కూడా నాకే వచ్చింది. అవి దొరికాయి. దొరికిన తీరు చెప్పాలంటే ముందు సీఆర్ఎంలో, అంటే కస్టమర్ల, డీల్స్ వివరాలు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో, రిపోర్టు అంటే ఏమిటో చెప్పుకోవాలి. చాలామందికి చిక్కు మొదలయ్యేది అక్కడే.

రిపోర్టులో అంకెలు ఉండవు

ఎక్సెల్ షీట్‌ను కాపీ చేస్తే అందులోని అంకెలతో సహా కాపీ అవుతుంది. ఆ అలవాటుతోనే మనం సీఆర్ఎం రిపోర్టును కూడా చూస్తాం. కానీ సీఆర్ఎంలో సేవ్ అయ్యేది ఒక ప్రశ్న మాత్రమే. ఏ రికార్డుల నుంచి చూడాలి, ఎవరి రికార్డులు చూడాలి, ఏ తేదీని బట్టి లెక్కించాలి, వేటిని వదిలేయాలి, మిగిలినవాటిని ఎలా గుంపులు చేసి కూడాలి అన్న వివరాలే అందులో ఉంటాయి. తెరిచిన ప్రతిసారీ ఆ ప్రశ్న డేటాబేస్‌కి కొత్తగా వెళ్తుంది, ఆ నిమిషానికి ఉన్న జవాబు వస్తుంది.

అందుకే పోయిన క్వార్టర్ రిపోర్టును 'దాచిపెట్టడానికి' కాపీ చేసుకుంటే ఏమీ దాచినట్టు కాదు. రెండు నెలల తర్వాత ఆ కాపీ తెరిస్తే అంకె మారిపోయి ఉండవచ్చు. ఈలోపు ఎవరో ఒక డీల్ మొత్తాన్ని సరిచేసి ఉంటారు, ఇంకెవరో డూప్లికేట్ రికార్డును తీసేసి ఉంటారు. ఆ రోజు అంకె ఆ రోజులాగే ఉండాలంటే రిపోర్టును ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా పెట్టుకోవాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో స్నాప్‌షాట్ సౌకర్యం ఉంటే వాడుకోవాలి. సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్ఎంలో రిపోర్టింగ్ స్నాప్‌షాట్ అని ఒకటుంది. అది చెప్పిన సమయానికి రిపోర్టును నడిపి, ఆ ఫలితాలను విడిగా రికార్డులుగా రాసిపెడుతుంది. ముందే ఏర్పాటు చేసుకుంటేనే అది పనికొస్తుంది. గడిచిపోయిన రోజును తిరిగి తేలేదు.

కాపీ చేయడం ఎంత సులువో

పని మాత్రం చాలా చిన్నది. సేల్స్‌ఫోర్స్‌లో 'సేవ్ యాజ్', జోహో సీఆర్ఎం, హబ్‌స్పాట్‌లలో 'క్లోన్'. మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ 365లో రికార్డుల జాబితాను వ్యూ అంటారు. అందరికీ కనిపించే సిస్టమ్ వ్యూను మామూలు యూజర్లు మార్చలేరు, కొత్త పేరుతో తమ సొంత వ్యూగా సేవ్ చేసుకుంటారు. ఒకప్పుడు రిపోర్టులో ఒక్క కాలమ్ కలపాలన్నా ప్రోగ్రామర్‌ని అడిగి రోజుల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు సేల్స్ వాళ్లే అర నిమిషంలో చేసుకుంటున్నారు. ఇది మంచి మార్పని నేను గట్టిగా నమ్ముతాను. తనకు కావలసిన లెక్క తానే తీసుకోగలిగిన మనిషి తన పని గురించి మెరుగ్గా ఆలోచిస్తాడు. కాకపోతే ఆ ప్రోగ్రామర్ ఏదైనా మార్చే ముందు 'ఏ తేదీ ప్రకారం కావాలి? ఎవరి డీల్స్ కావాలి?' అని అడిగేవాడు. ఇప్పుడు ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు లేరు. మనల్ని మనమే అడగాలి.

కాపీతో పాటు ఏవి వస్తాయి, ఏవి రావు అనేది కూడా తెలిసి ఉండాలి. కాలమ్స్, ఫిల్టర్లు, గ్రూపింగ్, చార్టు వస్తాయి. పాత రిపోర్టు ప్రతి సోమవారం పొద్దున మెయిల్‌లో వచ్చేలా పెట్టిన షెడ్యూల్ మామూలుగా రాదు. ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అనే అనుమతులు సేల్స్‌ఫోర్స్‌లో ఫోల్డర్‌ను బట్టి ఉంటాయి. అంటే కాపీని మీ ప్రైవేట్ ఫోల్డర్‌లో సేవ్ చేస్తే, లింకు పంపినా అవతలివాళ్లకు తెరుచుకోదు. అందరి ఫోల్డర్‌లో పెడితే మీరు ఊహించనివాళ్లు కూడా చూస్తారు.

డాష్‌బోర్డ్ అంటే కొన్ని రిపోర్టుల చార్టులను ఒకే చోట చూపించే పేజీ. దాని విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రిపోర్టును కాపీ చేసి మార్చినంత మాత్రాన డాష్‌బోర్డ్ మారదు, అందులోని చార్టు పాత రిపోర్టునే చూపిస్తూ ఉంటుంది. దీనికి ఉల్టాగా జరిగేది ఎక్కువ ప్రమాదం. సేల్స్‌ఫోర్స్‌లో డాష్‌బోర్డ్‌ను కాపీ చేస్తే కొత్త డాష్‌బోర్డ్ వస్తుంది కానీ దాని కింద రిపోర్టులు పాతవే. 'నా కాపీయే కదా' అని చార్టు మీద నొక్కి, లోపలి రిపోర్టులో ఫిల్టర్ మార్చి సేవ్ చేస్తే, మొత్తం సేల్స్ టీమ్ చూసే అసలు డాష్‌బోర్డ్‌లో అంకె మారిపోతుంది. ఎవరు మార్చారో అక్కడ ఎవరికీ అర్థం కాదు.

పునాది మార్చలేం

కాపీ చేసే ముందు చూడాల్సిన మొదటి విషయం, ఆ రిపోర్టు దేని మీద కట్టారు అనేది. సేల్స్‌ఫోర్స్‌లో దీన్ని రిపోర్ట్ టైప్ అంటారు. ఒకసారి ఎంచుకున్నాక మార్చడానికి లేదు. కాపీకి కూడా అదే పునాది వస్తుంది.

ఉదాహరణకి 'డీల్స్ ఉన్న కస్టమర్లు' అనే పునాది మీద కట్టిన రిపోర్టు ఉందనుకోండి. మీకు ఇంతవరకు ఒక్క డీల్ కూడా లేని కస్టమర్లు ఎవరో తెలుసుకోవాలని ఉంది. ఆ రిపోర్టును కాపీ చేసి ఎన్ని ఫిల్టర్లు పెట్టినా, అసలు డీలే లేని కస్టమర్లు అందులో కనిపించరు. వాళ్లు మొదటి గడపలోనే ఆగిపోయారు. లోపలికి రానివాళ్లను ఫిల్టర్ ఎక్కడి నుంచి తెస్తుంది? 'డీల్స్ ఉన్నా లేకపోయినా అందరు కస్టమర్లు' అనే పునాది మీద కొత్త రిపోర్టు మొదలుపెట్టాల్సిందే. సేల్స్‌ఫోర్స్‌లో అయితే క్రాస్ ఫిల్టర్‌తో 'ఫలానా డీల్స్ లేని కస్టమర్లు' అని కూడా అడగవచ్చు. అది కూడా అందరు కస్టమర్లనూ చూసే రిపోర్టు మీద పెడితేనే పూర్తి జవాబు ఇస్తుంది.

పునాదితో ఇంకో తేడా వస్తుంది. డీల్స్ రిపోర్టులో ఒక డీల్‌కి ఒక వరుస. డీల్స్‌తో పాటు వాటిలోని ప్రొడక్టులను చూపించే రిపోర్టులో ఒక ప్రొడక్టుకి ఒక వరుస. 9 లక్షల డీల్‌లో మూడు ప్రొడక్టులు ఉంటే ఆ డీల్ మూడు వరుసల్లో కనిపిస్తుంది, ప్రతి వరుసలోనూ డీల్ మొత్తం 9 లక్షలనే ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను కూడితే 27 లక్షలు వస్తాయి. అలాంటప్పుడు డీల్ మొత్తాన్ని వదిలేసి, ఒక్కో ప్రొడక్టు విలువ ఉన్న కాలమ్‌నే కూడాలి.

తేదీ దగ్గరే అసలు కథ

మా 21 డీల్స్‌లో 17 ఇక్కడే పోయాయి.

ఒక డీల్‌కి కనీసం మూడు తేదీలు ఉంటాయి. రికార్డు తయారైన తేదీ, డీల్ ముగిసే తేదీ అంటే క్లోజ్ డేట్, చివరిసారి మార్చిన తేదీ. 'ఈ క్వార్టర్ గెలిచిన డీల్స్' అనే మాట వినగానే మనందరికీ ఒకే అర్థం తోస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఏ తేదీ ఈ క్వార్టర్‌లో పడాలో విడిగా చెప్పాలి. అసలు రిపోర్టు క్లోజ్ డేట్ ప్రకారం ఉంది. మేనేజర్‌కి కొత్తగా వచ్చిన ఎంక్వైరీలు ఎంతవరకు డీల్స్‌గా మారుతున్నాయో చూడాలనిపించి, కాపీలో దాన్ని తయారైన తేదీకి మార్చారు. ఆయన ప్రశ్నకి అది సరైన మార్పే. కానీ పోయిన క్వార్టర్‌లో మొదలై ఈ క్వార్టర్‌లో గెలిచిన 17 డీల్స్ ఆ క్షణంలోనే జాబితా నుంచి తప్పుకున్నాయి. డీల్ తేలడానికి నెలలు పట్టే వ్యాపారంలో ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. పైగా తప్పుకునేవి ఎక్కువ కాలం నడిచినవి, అంటే చాలాసార్లు పెద్ద డీల్సే.

ఆయన తేదీ మార్చారు కానీ రిపోర్టు పేరు మార్చలేదు. తప్పు ఏదైనా ఉందంటే అది ఒక్కటే.

తేదీల్లో ఇంకో రకం చిక్కు, నిలిచిపోయే తేదీ, కదిలే తేదీ. ఫిల్టర్‌లో 'జనవరి 1 నుంచి మార్చి 31' అని రాస్తే అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. 'ఈ క్వార్టర్' అని పెడితే రోజులతో పాటు కదులుతుంది. ప్రతి వారం చూసే రిపోర్టుకి కదిలేది కావాలి, గడిచిన కాలాన్ని పరిశీలించే రిపోర్టుకి నిలిచేది కావాలి. ఒకదాన్ని కాపీ చేసి రెండో పనికి వాడేటప్పుడు దీన్ని మార్చడం మర్చిపోతాం. ఏప్రిల్ రెండో తేదీన రిపోర్టు తెరిచి, 'అమ్మకాలన్నీ ఏమైపోయాయి' అని టెన్షన్ పడినవాళ్లను నేను చూశాను. కొత్త క్వార్టర్ వచ్చింది, ఫిల్టర్ దానితో పాటు ముందుకు జరిగింది, అంతే.

క్వార్టర్ అనే మాట కూడా అందరికీ ఒకటి కాదు. క్యాలెండర్ క్వార్టర్ వేరు, కంపెనీ ఆర్థిక సంవత్సరం ప్రకారం వచ్చే ఫిస్కల్ క్వార్టర్ వేరు. సేల్స్‌ఫోర్స్ కంపెనీ సొంత ఆర్థిక సంవత్సరమే జనవరి 31న ముగుస్తుంది, మైక్రోసాఫ్ట్‌ది జూన్ 30న. ఫిల్టర్ జాబితాలో రెండు రకాల క్వార్టర్లూ పక్కపక్కనే ఉంటాయి. తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కినా రిపోర్టు ఏ తప్పూ చూపించదు, చక్కగా ఒక అంకె ఇస్తుంది.

వేరే వేరే దేశాల్లో పనిచేసే టీమ్‌లకు ఇంకో చిన్న విషయం. సేల్స్‌ఫోర్స్‌లో క్లోజ్ డేట్ ఒట్టి తేదీ. తయారైన తేదీలో మాత్రం గడియారం సమయం కూడా ఉంటుంది, అది చూసేవాళ్ల టైమ్ జోన్ ప్రకారం కనిపిస్తుంది. నెల చివరి రాత్రి తయారైన డీల్ ఒకరికి ఈ నెలలో, ఇంకొకరికి వచ్చే నెలలో పడవచ్చు.

మిగిలిన నాలుగు

17 పోగా ఇంకా నాలుగు డీల్స్ లెక్క తేలలేదు. అవి 'ఎవరి రికార్డులు' అనే చోట దొరికాయి. హెడ్ రిపోర్టులో 'అన్ని డీల్స్' అని ఉంది. మేనేజర్ కాపీలో 'నా టీమ్ డీల్స్' అని ఉంది. ఆ క్వార్టర్ మధ్యలో ఒక సేల్స్ పర్సన్ వేరే టీమ్‌కి మారారు. మేనేజర్ టీమ్‌లో ఉండగా గెలిచిన నాలుగు డీల్స్ కూడా ఆయన పేరు మీదే ఉండటంతో ఆయనతో పాటు వెళ్లిపోయాయి. ఇలాంటి రిపోర్టు, డీల్ గెలిచిన రోజున ఓనర్ ఏ టీమ్‌లో ఉన్నారో చూడదు. ఇప్పుడు ఎక్కడున్నారో చూస్తుంది. ఆనాటి టీమ్ పేరు కావాలంటే డీల్ గెలిచినప్పుడే దాన్ని ఒక ఫీల్డ్‌లో రాసిపెట్టాలి.

ఫిల్టర్ ఒకటే అయినా చూసే మనిషిని బట్టి అంకె మారడం కూడా ఉంది. సేల్స్‌ఫోర్స్‌లో రిపోర్టు తెరిచిన వాళ్లకు తాము చూడటానికి అనుమతి ఉన్న రికార్డులే కనిపిస్తాయి. 'అన్ని డీల్స్' అంటే నిజానికి 'నేను చూడగలిగిన అన్ని డీల్స్'. డాష్‌బోర్డ్ అలా కాదు, అది ఎవరి పేరు మీద నడిచేలా పెట్టారో వాళ్ల కళ్లతో చూపిస్తుంది. డాష్‌బోర్డ్‌లో ఒక మొత్తం కనిపించి, దాని మీద నొక్కి రిపోర్టులోకి వెళ్లగానే తక్కువ అంకె వస్తే, ముందు అనుమానించాల్సింది దీన్నే. కాపీని వేరేవాళ్లకు ఇచ్చేటప్పుడు 'మీకు ఎంత వచ్చింది' అని ఒక మాట అడిగితే చాలా గొడవలు తప్పుతాయి.

ఫిల్టర్లలో పేర్లు, ఖాళీలు

స్టేజ్, అంటే డీల్ ఏ దశలో ఉందో చెప్పే పేరుతో ఫిల్టర్ పెట్టడం చాలామందికి అలవాటు: స్టేజ్ 'గెలిచింది' అయితే చూపించు అని. రేపు కంపెనీ ఆ స్టేజ్‌ను రెండుగా విడదీసి 'గెలిచింది, కొత్త కస్టమర్', 'గెలిచింది, పాత కస్టమర్' అని పెడితే, పాత పేరు రాసిపెట్టుకున్న కాపీలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి. డీల్ ముగిసిందా, గెలిచిందా అని అవును-కాదుల్లో చెప్పే ఫీల్డులు సేల్స్‌ఫోర్స్‌లో విడిగా ఉన్నాయి. స్టేజ్ పేరు ఏదైనా అవి నిలబడతాయి. ఫిల్టర్ వాటి మీద పెట్టడం మేలు.

'ఫలానా రంగం కాదు' లాంటి ఫిల్టర్‌ను నేను ఎప్పుడూ రెండోసారి చూస్తాను. రంగం ఏమిటో నింపకుండా వదిలేసిన రికార్డుల సంగతేమిటి? సేల్స్‌ఫోర్స్ రిపోర్టులో అవి జాబితాలోనే ఉంటాయి. అదే డేటాను డేటాబేస్‌ను నేరుగా ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో 'దీనికి సమానం కాదు' అని అడిగితే ఖాళీ వరుసలు రావు. రెండు టూల్స్‌లో ఒకే ఫిల్టర్ పెట్టి వేరే వేరే అంకెలు చూసి తల పట్టుకునేవాళ్లకు చాలాసార్లు జవాబు ఈ ఖాళీల్లోనే ఉంటుంది.

శాతాలు, సగటులు

మన గెలుపు శాతం ఎంత? క్వార్టర్‌లో 40 డీల్స్ మొదలయ్యాయి. 12 గెలిచాం, 18 పోయాయి, 10 ఇంకా నడుస్తున్నాయి. తేలిన 30లో 12 అంటే 40 శాతం. మొదలైన 40లో 12 అంటే 30 శాతం. రెండూ వాడుకలో ఉన్న లెక్కలే. కానీ ఒకరు కాపీలో ముగిసిన డీల్స్ మాత్రమే చూపించే ఫిల్టర్ తీసేసి, ఫార్ములాను అలాగే వదిలేస్తే, భాజకం తెలియకుండానే మారిపోతుంది. ఫార్ములాలో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సగటులను మళ్లీ సగటు చేయడం ఇంకో తప్పు. ఒకరు సగటున 10 లక్షల చొప్పున 2 డీల్స్ చేశారు, ఇంకొకరు 5 లక్షల చొప్పున 8 చేశారు. ఆ రెండు సగటుల సగటు ఏడున్నర లక్షలు. నిజానికి 10 డీల్స్‌కి వచ్చింది 60 లక్షలు, సగటు 6 లక్షలు. రిపోర్టులో అడుగున వచ్చే మొత్తం వరుస సాధారణంగా సరిగ్గానే లెక్కిస్తుంది. ఒక్కో మనిషి సగటునూ ఎక్సెల్‌లోకి తెచ్చుకుని అక్కడ మళ్లీ సగటు తీసినప్పుడే ఈ తప్పు దొర్లుతుంది.

రిపోర్టు మార్చే స్క్రీన్‌లో కనిపించే అంకెలను కూడా నమ్మవద్దు. సేల్స్‌ఫోర్స్‌లో అక్కడ కొన్ని రికార్డులతో నమూనా మాత్రమే చూపిస్తుంది. అసలు మొత్తం 'రన్' నొక్కిన తర్వాతే. రన్ చేశాక కూడా స్క్రీన్ మీద వచ్చేవి గరిష్ఠంగా 2,000 వరుసలు. జాబితా అక్కడితో ఆగినా పైన ఉన్న మొత్తం అన్ని రికార్డులకూ లెక్కించినదే.

అసలు కాపీ అవసరమా

12 మంది సేల్స్ వాళ్లకు 12 కాపీలు, ఒక్కోదానిలో ఒక్కొక్కరి పేరు. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఒక కాలమ్ కలపాలంటే 12 చోట్ల కలపాలి, ఎవరైనా కొత్తగా చేరితే పదమూడోది చేయాలి. 'నా డీల్స్' అని పెట్టిన ఒకే రిపోర్టు తెరిచిన ప్రతి ఒక్కరికీ వాళ్ల డీల్స్ చూపిస్తుంది. కాసేపు ఒక ఏరియా వరకే చూడాలంటే ఫిల్టర్ మార్చి చూసి, సేవ్ చేయకుండా బయటికి వచ్చేస్తే సరిపోతుంది. ప్రశ్న నిజంగా వేరైనప్పుడు, అది మళ్లీ మళ్లీ అడిగేదైనప్పుడు కాపీ చేయాలి. మా మేనేజర్ ప్రశ్న అలాంటిదే, కాబట్టి ఆయన కాపీ చేసుకోవడం సరైన పనే.

కాపీ చేసేటప్పుడు నేను పాటించే వరుస ఒకటుంది. కాపీ తీయగానే ఏమీ మార్చకుండా ఒకసారి రన్ చేస్తాను. అసలు రిపోర్టు మొత్తం, దీని మొత్తం ఒకటే రావాలి. తర్వాత ఒక్కొక్క మార్పు చేసి, ప్రతి మార్పు తర్వాత మొత్తం ఎంత తగ్గిందో లేదా పెరిగిందో చూస్తాను. తేదీ మార్చగానే 64 కాస్తా 47 అయితే, ఆ 17 ఏవో అప్పుడే పేరు పేరునా చూడవచ్చు. నాలుగు మార్పులు ఒకేసారి చేసి చివర్లో చూస్తే ఏది దేనివల్ల పోయిందో విడదీయడం కష్టం. ఆ తర్వాత పేరు మారుస్తాను, డిస్క్రిప్షన్‌లో దేని కాపీ, ఏం మార్చాం, ఎందుకు అని రెండు వాక్యాలు రాస్తాను. ఆ డిస్క్రిప్షన్ పెట్టె చాలా కంపెనీల్లో ఖాళీగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత కొత్తగా చేరినవాళ్లకు దారి చూపించేది ఆ రెండు వాక్యాలే.

పోగుపడిన పాత కాపీల సంగతి కూడా చూడాలి. సేల్స్‌ఫోర్స్‌లో ప్రతి రిపోర్టు చివరిసారి ఎప్పుడు నడిచిందో నమోదవుతుంది. రిపోర్టుల మీదే ఒక రిపోర్టు కట్టి, ఏడాదిగా ఎవరూ తెరవనివి ఏవో చూడవచ్చు. అయితే వెంటనే డిలీట్ చేయకుండా, వాటిని ఒక విడి ఫోల్డర్‌లోకి మార్చి, ఓనర్లకు చెప్పి, ఒక క్వార్టర్ ఆగడం మంచిది. ఏడాదికొక్కసారే వాడే రిపోర్టులు కూడా ఉంటాయి.

ఆ మీటింగ్ తర్వాత రెండు రిపోర్టులనూ ఉంచాం. హెడ్ రిపోర్టు పేరు 'ఈ క్వార్టర్ క్లోజ్ అయిన గెలుపులు, అందరివీ' అయింది. మేనేజర్‌ది 'ఈ క్వార్టర్ మొదలై ఈ క్వార్టర్‌లోనే గెలిచినవి, నా టీమ్' అయింది. తర్వాతి మీటింగ్‌లో ఆయన రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టారు. ఈసారి మాట్లాడింది పాత క్వార్టర్ నుంచి నడిచొచ్చిన డీల్స్ తేలడానికి అంత సమయం ఎందుకు పడుతోందనే దాని గురించి.